చేత్తో చేసిన షూస్ తెప్పించా, మడమ లేచిపోతోంది. తప్పు షూదా, నా కాలిదా?

పెళ్లికొడుకు_గుంటూరు
రిసెప్షన్‌కి ఇంకా 24 రోజులుంది. నేవీ బ్లూ సూట్ కుట్టించాను. దాని మీదకి షోరూం షూస్ వద్దు, జీవితంలో ఒక్కసారైనా చేత్తో చేసినవి వేసుకుందామని ఆగ్రాలో ఒక చిన్న వర్క్‌షాప్‌కి ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చాను. ట్యాన్ రంగు ఆక్స్‌ఫర్డ్ (లేసుల రెక్కలు విచ్చుకోకుండా కిందకి కుట్టేసి ఉండే ఫార్మల్ షూ), ముక్కు మీద చిల్లుల డిజైన్. 14,500 అయింది. ఐదు వారాలకి వచ్చాయి.

డబ్బా తెరవగానే ఆ తోలు వాసనకే పడిపోయాను. వేసుకుని హాల్లో నాలుగడుగులు వేశాక టెన్షన్ మొదలైంది. అడుగు తీస్తుంటే మడమ లేచిపోతోంది. లేసులు బిగిస్తే రెండు అంచులూ పూర్తిగా కలిసిపోతున్నాయి, మధ్యలో కాగితం కూడా పట్టదు. ఇంత వదులైనా ఎడమ కాలి చిటికెన వేలు దగ్గర మాత్రం నొక్కేస్తోంది. గంట తిరిగేసరికి ముందు భాగంలో అడ్డంగా ముడతలు పడ్డాయి. పైగా ఎడమ షూ టో క్యాప్ (ముక్కు మీద వేసే తోలు ముక్క) కుట్టు కుడిదానికన్నా కొంచెం వంకరగా ఉన్నట్టుంది.

ఫొటోలు పంపితే ఆయన "హ్యాండ్‌మేడ్ కదా సార్, అలాగే ఉంటుంది, వాడగా వాడగా సెట్ అవుతుంది" అన్నాడు. నిజంగా సెట్ అవుతుందా, నేను మునిగానా?

నైట్‌షిఫ్ట్_నాని
14,500కి నాకు రిటైరయ్యేదాకా హవాయి చెప్పులొస్తాయి. ఏడాదికోసారి గుడి దగ్గర పోగొట్టుకున్నా సరే.

డల్లాస్_బాబాయ్
ముడతలూ వంకరా తర్వాత చూద్దాం. అసలు విషయం నీ లేసుల్లోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్ కొత్తగా వేసుకున్నప్పుడు లేసుల దగ్గర సెంటీమీటరు అటూ ఇటూగా ఖాళీ ఉండాలి. వాడేకొద్దీ తోలు సాగుతుంది, లోపల కార్క్ అణుగుతుంది, ఆ ఖాళీ మూసుకుంటుంది. నీకు మొదటిరోజే మూసుకుపోయిందంటే ఇక బిగించడానికి ఏం మిగిలింది? ఇంతకీ సైజు ఎలా చెప్పావు?

పెళ్లికొడుకు_గుంటూరు
9 అని చెప్పాను. నా స్పోర్ట్స్ షూస్ 9. వాళ్ల సైట్లో లిస్టులోంచి ఎంచుకోవడమే, కొలతలేం అడగలేదు.

డల్లాస్_బాబాయ్
హమ్మయ్య, దొంగ దొరికాడు. స్పోర్ట్స్ షూ సైజు తెచ్చి లెదర్ షూకి చెప్పకూడదు. లోపలి మెత్త చోటు తినేస్తుంది కాబట్టి స్పోర్ట్స్ షూ మనం ఒక సైజు పెద్దదే కొంటాం, వేళ్ల ముందు ఖాళీ కూడా ఎక్కువే పెట్టుకుంటాం. ఫార్మల్ లెదర్ షూస్‌లో చాలామందికి అరసైజో ఒక సైజో తగ్గుతుంది.

మూడోకన్ను
బాబాయ్ తొందరపడుతున్నారు. పెద్దవైతే చిటికెన వేలు ఎందుకు నొక్కుతుంది? వదులూ ఇరుకూ ఒకే షూలో ఎలా ఉంటాయి? నాకైతే ఇది సైజు గొడవ కాదు, పని బాగోలేదు, అంతే.

తోలు_గోల
రెండూ ఒకే షూలో ఉంటాయి. చాలా మామూలు విషయం. షూ పొడవు ఎక్కువైతే, మీగాలు మీద పట్టు లేకపోతే, పాదం ప్రతి అడుక్కీ ముందుకి జారుతుంది. జారి జారి ముక్కు సన్నబడే చోటికి వెళ్లి ఇరుక్కుంటుంది. అందుకే వెనక మడమ వదులు, ముందు చిటికెన వేలు బందీ. దీనికి విరుగుడుగా జనం ఇంకో సైజు పెద్దది కొంటారు, ఇంకా జారుతుంది.

సాయంత్రం పూట, షూస్‌తో వేసుకునే సాక్స్‌తోనే, కాగితం మీద నిలబడి రెండు పాదాలూ గీయించుకోండి. మీరే వంగి గీసుకోవద్దు, బరువు ఒక పక్కకి పోతుంది. మడమ చివరి నుంచి పొడవైన వేలు చివరిదాకా మిల్లీమీటర్లలో చెప్పండి. నేను చెన్నైలో లెదర్ టెక్నాలజీ చదివి, పదకొండేళ్లుగా ఆంబూరు, రాణిపేట వైపు ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతున్నాను. ఈ గోల నాకు రోజూ ఉండేదే.

కిర్రుచెప్పులు
నడుస్తుంటే కిర్రుమంటున్నాయా లేదా? మా తాత లెక్కలో కిర్రుమనకపోతే అవి చెప్పులే కావు. ఊళ్లోకి ఎవరొస్తున్నారో తెలియాలి కదా.

పెళ్లికొడుకు_గుంటూరు
కిర్రుమనడం లేదు. మడమ దగ్గర టపటపమంటున్నాయి.

ఆరె_రంపె
మా తాత చెప్పులు కుట్టేవాడు. తెనాలి దగ్గర పల్లె. ఆయన పెట్టెలో ఆరె (తోలు పొడిచే సూది), రంపె (తోలు కోసే కత్తి), గూటం, మైనం ముద్ద, అంతే సామాను. షూస్ కుట్టింది తక్కువే, కానీ కొలత తీసుకునే పద్ధతి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మనిషిని సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, పాత న్యూస్‌పేపర్ వేసి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీసేవాడు. పెన్సిల్ లోపలికి వంగితే ఊరుకునేవాడు కాదు, మళ్లీ మొదటి నుంచే. తర్వాత ఒక దారం తీసుకుని మూడుచోట్ల చుట్టేవాడు: వేళ్ల కణుపుల దగ్గర, అరికాలి మధ్య నుంచి మీగాలు మీదుగా, మడమ నుంచి చీలమండ మడత మీదుగా. చుట్టిన చోటల్లా దారానికి ముడి. కొలత పుస్తకం లేదు, ఆ ముడులే పుస్తకం. ఆ దారాన్ని కాగితంలో చుట్టి పైన ఇంటిపేరు రాయించేవాడు నాచేత.

ఒకాయన వచ్చి "నా సైజు ఎనిమిది, అది చేసి పెట్టు" అంటే తాత అన్నమాట: "ఎనిమిది నీ కాలిది కాదయ్యా, నువ్వు కొన్న చెప్పుది."

మీ ఆగ్రా ఆయన చేత్తోనే చేసి ఉండొచ్చు. కానీ ఎవరి కాలికి చేశాడు? ఆయన దగ్గరున్న 9 నంబర్ అచ్చుకి, అంటే పాదం ఆకారంలో ఉండే దిమ్మకి చేశాడు. మీ కాలు ఆయన ఎప్పుడు చూశాడు?

డల్లాస్_బాబాయ్
పైనున్న పోస్టు ఇంకోసారి చదువుతా.

పెళ్లికొడుకు_గుంటూరు
మా చెల్లెలు గీసింది. ఎడమ పాదం 262, కుడి 259. వేళ్ల కణుపుల దగ్గర చుట్టుకొలత ఎడమ 252, కుడి 248. రెండు పాదాలకీ తేడా ఉందని ఇప్పుడే తెలిసింది, ముప్పై ఏళ్లొచ్చాక.

తోలు_గోల
ఆ తేడా అందరికీ ఉంటుంది, కంగారు వద్దు. ఎప్పుడూ పెద్ద కాలికే కొనాలి.

ఇప్పుడు లెక్క. బ్రిటిష్ సైజుల్లో ఒక్కో నంబరుకీ అంగుళంలో మూడోవంతు, అంటే 8.5 మిల్లీమీటర్ల తేడా. వాళ్లు బార్లీ గింజ పొడవుని కొలతగా పెట్టుకున్నారు, మూడు గింజలు ఒక అంగుళం. పెద్దవాళ్ల సైజు సున్నా 25 గింజల దగ్గర మొదలవుతుంది. కాబట్టి 8 నంబరంటే 33 గింజలు, సరిగ్గా 11 అంగుళాల అచ్చు, 279 మిల్లీమీటర్లు. 9 అంటే దాదాపు 288. మీ పెద్ద కాలు 262. వేళ్ల ముందు 15 నుంచి 20 వదిలితే మీకు కావాల్సింది 8. ఇప్పుడు మీకు ముందర 26 ఉంది. అంటే పాదం షికారు చేస్తోంది.

నైట్‌షిఫ్ట్_నాని
బార్లీ గింజలా? మనవాళ్లైతే వడ్లగింజ పెట్టుండేవాళ్లు. "బాబూ నాకు ముప్పై వడ్లగింజల షూ ఇవ్వండి."

మూడోకన్ను
లెక్క బాగానే ఉంది గానీ, అన్ని కంపెనీలూ ఆ లెక్క పాటిస్తే మనకీ గొడవెందుకు? నా దగ్గర మూడు జతలున్నాయి, మూడింటి మీదా 8 అనే ఉంటుంది. ఒకటి పడుతుంది, ఒకటి కరుస్తుంది, ఒకటి జారుతుంది.

తోలు_గోల
ఒప్పుకుంటున్నా. నంబరు పొడవు మాత్రమే చెబుతుంది. అచ్చు ఆకారం, మీగాలు ఎత్తు, మడమ వెడల్పు ఇవేవీ అందులో లేవు. మొదటి అంచనాకే ఆ లెక్క.

డల్లాస్_బాబాయ్
నా సొంత గోల చెబుతా. ఇక్కడ పాతకాలం షూ షాపుల్లో బ్రానాక్ అని ఒక ఇనప కొలత పళ్లెం ఉంటుంది. దాని మీద నిలబెడితే మడమ నుంచి వేలి చివరిదాకా ఒక కొలత, మడమ నుంచి బొటనవేలి కణుపుదాకా ఇంకో కొలత చెబుతుంది. నాకు మొదటిది 9, రెండోది 9న్నర. అంటే నావి పొట్టి వేళ్లు, పొడుగు పాదం. పదిహేనేళ్లు 9 వేసుకుని, షూ వంగే చోటూ నా పాదం వంగే చోటూ వేరై, తిట్టుకుంటూ తిరిగాను. పాదం వంగేది ఆ కణుపు దగ్గరే కదా, షూ కూడా అక్కడే వంగాలి.

అబ్బాయి చెప్పిన ముడతలు ఎక్కడ పడ్డాయో చూడండి. కణుపుల వరుసలో పడితే బాధలేదు, ముడత పడని తోలు లేదు. దానికన్నా ముందుకి, వేళ్ల మీద పడి గుచ్చుకుంటుంటే ఆ షూ నీది కాదు. వెడల్పు సంగతి కూడా అడుగు: ఇక్కడ డి అంటే మామూలు వెడల్పు, బ్రిటన్ వాళ్లు దాన్నే ఈ అనో ఎఫ్ అనో రాస్తారు. అక్షరం చూసి మోసపోవద్దు.

పెళ్లికొడుకు_గుంటూరు
ముడతలు వేళ్ల మీదే పడ్డాయి. కణుపులకి ఒక వేలెడు ముందు.

మూడోకన్ను
సరే, సైజు తప్పే. నేను వెనక్కి తగ్గాను. వంకర టో క్యాప్ విషయంలో మాత్రం తగ్గను.

బెంటింక్_వీధి
ఉద్యోగం మీద కలకత్తాలో ఆరేళ్లున్నాను. బెంటింక్ వీధిలో చైనీస్ కుటుంబాల షూ షాపులు వరుసగా ఉండేవి. ఒక షాపులో పెద్దాయన పాత ఖాతా పుస్తకం తీసి, అందులో ఖాళీ పేజీ మీద నన్ను నిలబెట్టి పాదం గీశాడు. పక్క పేజీలో ఎవరిదో పాదం, బొటనవేలి పక్కన పెద్ద బుడిపె, దాని మీద బాణం గుర్తు పెట్టి బెంగాలీలో ఏదో రాసుంది. రెండు వారాల తర్వాత వెళ్తే ముందు కుట్లు వేయకుండా, మేకులతో అచ్చుకి బిగించిన షూ చూపించాడు. ఆకారం నచ్చిందా అని అడిగి, ఆ తర్వాతే సోల్ వేశాడు. పద్దెనిమిదేళ్లయింది, రెండుసార్లు సోల్ మార్పించాను, ఇప్పటికీ వేస్తున్నా. అప్పట్లో షోరూం షూస్‌కన్నా ఏమంత ఎక్కువ తీసుకోలేదు. ఖరీదు చూసి నాణ్యత చెప్పలేమని నాకు అక్కడే అర్థమైంది.

పెళ్లికొడుకు_గుంటూరు
సైజు నా తప్పే అనుకుందాం. వస్తువైనా మంచిదేనా? "గుడ్‌ఇయర్ వెల్ట్" అని సైట్లో పెద్దక్షరాలతో రాశారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

నైట్‌షిఫ్ట్_నాని
టైర్లవాళ్లు షూస్ కూడా చేస్తారా? పంక్చరైతే?

నార్తాంప్టన్_నాయుడు
నానిగారూ, టైర్ల కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. రబ్బరుని వల్కనైజ్ చేసే పద్ధతికి 1844లో పేటెంట్ పొందిన చార్లెస్ గుడ్‌ఇయర్ ఉన్నాడు కదా, ఆయన కొడుకు పేరూ చార్లెస్సే. వెల్ట్ కుట్టే మెషీన్ ఆ కొడుకు పేరు మీదుంది, 1870ల నాటిది. టైర్ల కంపెనీ 1898లో వేరేవాళ్లు పెట్టి తండ్రి పేరు పెట్టుకున్నారు.

వెల్ట్ అంటే ఏంటంటే, షూ చుట్టూ ఒక తోలు పట్టీ. పై తోలునీ లోపలి సోల్‌నీ ఆ పట్టీకి ఒక కుట్టుతో కలుపుతారు. కింద సోల్‌ని అదే పట్టీకి ఇంకో కుట్టుతో కలుపుతారు. సోల్ అరిగితే ఆ రెండో కుట్టు విప్పి కొత్త సోల్ వేస్తారు, పై తోలు జోలికి పోనక్కర్లేదు. బ్లేక్ కుట్టు అని ఇంకోటుంది, అందులో కింద సోల్ నుంచి లోపలికి నేరుగా ఒకే కుట్టు. తేలికగా, సన్నగా ఉంటుంది, వానకి మాత్రం కొంచెం భయం. ఇక మూడోది జిగురు. షోరూంలో కొనేవాటిలో చాలా జతలు ఈ జిగురువే.

చేత్తో లోపల తడిమి చూడండి. ముందు భాగంలో లోపలి సోల్ మీద చుట్టూ కుట్టు తగిలితే బ్లేక్. ఏమీ తగలకపోతే వెల్టో, జిగురో.

నేనుండే ఊరు, ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్, మొత్తం షూసే. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు కూడా "ది కాబ్లర్స్". ఫ్యాక్టరీ షాపుల్లో చిన్న లోపాలున్న జతలు తక్కువకి అమ్ముతారు. ఆ లోపమేంటో పది నిమిషాలు వెతికినా నాకు ఒక్కోసారి దొరకదు. అందుకే వంకర టో క్యాప్ మాట వినగానే నాకు కోపం వచ్చింది, తర్వాత రాస్తా.

తోలు_గోల
వెల్టో జిగురో తేల్చడానికి: చుట్టూ పట్టీ మీద కనిపించే కుట్లు ఒక అంగుళంలో ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత షూ తిరగేసి కింద సోల్ మీద అదే చోట లెక్కపెట్టండి. రెండూ కలవాలి. పైన కుట్టుండి కింద సాఫీగా ఉంటే అనుమానించండి. జిగురు షూకి అలంకారంగా కుట్టిన పట్టీ అతికించి అమ్మేవాళ్లున్నారు.

మూడోకన్ను
ఆగండి ఆగండి. కింద కుట్టు కనిపించకపోతే దొంగ వెల్ట్ అనేస్తే ఎలా? మంచి షూస్‌లో సోల్‌ని సన్నగా చీరి, కుట్టు వేసి, ఆ పొరని మళ్లీ మూసేస్తారు. అప్పుడూ కింద కనపడదు. నా దగ్గరున్న మంచి జత అలాంటిదే.

తోలు_గోల
నిజమే, అది చెప్పడం మర్చిపోయాను, థాంక్స్. అలాంటప్పుడు సోల్ అంచు చుట్టూ సన్నటి గీత కనిపిస్తుంది, పొర మూసిన గుర్తు. కొన్నాళ్లు నడిస్తే అక్కడక్కడ పొర లేచి కుట్టు బయటపడుతుంది.

ఇంకో సంగతి. మెషీన్ మీద చేసే గుడ్‌ఇయర్ వెల్ట్‌లో లోపలి సోల్‌కి గుడ్డ పట్టీ ఒకటి అతికించి, దానికి కుడతారు. పూర్తిగా చేత్తో వెల్ట్ వేసేవాళ్లు ఆ గుడ్డ వాడరు. లోపలి సోల్ తోలునే కత్తితో చెక్కి గట్టులాగా లేపి, ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారంతో కుడతారు. కాబట్టి "హ్యాండ్‌మేడ్ గుడ్‌ఇయర్ వెల్ట్" అనే మాటలోనే చిన్న తిరకాసుంది. ఏది చేత్తో, ఏది మెషీన్‌తో అని అడగండి, తప్పులేదు.

పెళ్లికొడుకు_గుంటూరు
ఫోన్ టార్చ్ వేసుకుని అరగంట కూర్చున్నా. అమ్మ వచ్చి "పెళ్లి పనులన్నీ వదిలేసి చెప్పులు ముందేసుకు కూర్చున్నావేంట్రా" అని వెళ్లింది.

లోపల కుట్టు తగల్లేదు. పైన అంగుళానికి 8 కుట్లు. కింద సాఫీగా ఉంది గానీ తోలు_గోలగారు చెప్పిన గీత ఉంది. కుడి షూ ముక్కు దగ్గర పొర గోరంత లేచింది, లోపల దారం కనిపిస్తోంది. అక్కడా 8 లెక్కకే సరిపోతోంది. ఆయన్ని ఫోన్లో అడిగితే పై తోలు అచ్చు మీద లాగి బిగించేది చేత్తో, వెల్ట్ కుట్టేది మెషీన్ మీద అన్నాడు. దాచలేదు.

తోలు_గోల
అయితే వెల్ట్ అసలైనదే. 14,500కి అన్యాయమేం కాదు. ఇప్పుడు తోలు. వేలితో నొక్కి చూడండి. సన్నటి వెంట్రుకల్లాంటి ముడతలు పడి, వేలు తీయగానే పోతే పై పొర చెక్కుచెదరని తోలు. ప్లాస్టిక్ షీట్‌లా నొక్కుకుని పెద్ద మడత పడితే, పై పొర గీకేసి రంగు పూత పూసింది. అలాంటిది షాపులో అద్దంలా మెరుస్తుంది, ఏడాది తర్వాత ముడత దగ్గర పెచ్చులూడుతుంది. "జెన్యూన్ లెదర్" అనే ముద్ర చూసి సంబరపడకండి, తోలు అని చెప్పడం తప్ప ఎలాంటి తోలో అది చెప్పదు.

పెళ్లికొడుకు_గుంటూరు
సన్నటి ముడతలే, పోతున్నాయి. కానీ తడిగుడ్డతో రుద్దితే గుడ్డకి రంగంటింది.

తోలు_గోల
ట్యాన్ మీద చీకటి నీడలు చేత్తో పూసుంటారు, మొదట్లో కొంచెం అంటుతుంది. క్రీమ్ రాస్తే తగ్గుతుంది. లేత రంగు సాక్స్ మాత్రం వద్దు.

ఆరె_రంపె
తోలు మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. మా తాత కాలంలో లందల్లో (తోళ్లు నానబెట్టే తొట్లలో) తంగేడు చెక్క వేసి తోళ్లు పదును చేసేవాళ్లు. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఉంది చూడండి, ఆ చెట్టు బెరడే. ఇప్పుడు షూ పై తోలు చాలావరకూ క్రోమ్‌తో (క్రోమియం లవణాలతో) పదును చేసిందే. లోపలి సోల్ మాత్రం బెరడుతో పదును చేసిన తోలైతేనే కాలి ఆకారానికి అణుగుతుంది. కొన్నాళ్లకి మీ వేళ్ల గుంటలు అందులో పడతాయి. ఇంకొకరి పాత షూ వేసుకోవద్దని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు.

నార్తాంప్టన్_నాయుడు
ఇప్పుడు టో క్యాప్. రెండు షూస్ పక్కపక్కన పెట్టి, స్కేలుతో ముక్కు నుంచి ఆ కుట్టుదాకా కొలువు. మడమ వెనక నిలువు కుట్టు నిటారుగా ఉందో లేదో చూడు. గాజు బల్ల మీద పెట్టి వేలితో ముక్కు నొక్కు, ఊగుతుందా? ఎంత తేడా వచ్చిందో రాయి.

పెళ్లికొడుకు_గుంటూరు
ఊగడం లేదు. వెనక కుట్టు బాగుంది. టో క్యాప్ మాత్రం ఎడమ షూలో ఒక పక్కన 3 మిల్లీమీటర్లు వెనక్కుంది.

ఆరె_రంపె
మూడు మిల్లీమీటర్లా! చేత్తో లాగే పనిలో అంత తేడా వస్తుంది. తోలు ఒకచోట ఎక్కువ సాగుతుంది, ఒకచోట తక్కువ. మెషీన్‌లా రావాలంటే మెషీన్‌వే కొనుక్కోవచ్చుగా.

నార్తాంప్టన్_నాయుడు
ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. చేత్తో చేశాం కాబట్టి వంకర అంటే, చేత్తో చేసినవాడికి కళ్లు లేవా? తోలు ఎక్కడ సాగుతుందో చూసి లాగడమే ఆ చేతి పని. ఒక మిల్లీమీటరైతే నేనూ మాట్లాడను. మూడంటే అచ్చు మీద బిగించేటప్పుడే కనిపిస్తుంది, మేకు తీసి మళ్లీ లాగాలి. తీరిక లేక వదిలేశాడు. "హ్యాండ్‌మేడ్" అనే మాటని గొడుగులా పట్టుకుంటే ఎలా?

ఆరె_రంపె
మీరు చూసే షూస్ ధరెంత, ఈయన కొన్నదెంత? రోజుకి ఎన్ని జతలు చేస్తే ఆ పనివాడికి కూలి గిడుతుందో అదీ చూడండి. మా తాత ఒక జత మళ్లీ విప్పితే ఆ పూట కూలి పోయినట్టే. అయినా విప్పేవాడు, అది వేరే విషయం.

నార్తాంప్టన్_నాయుడు
"అయినా విప్పేవాడు" అని మీరే అన్నారు :)

ఆరె_రంపె
:) సరే, విప్పేవాడు. మా నాన్నమ్మ తిట్టేది కూడా.

మూడోకన్ను
నేను నాయుడుగారి పక్షం. కూలి తక్కువన్నది నిజమే, కానీ ఆ బాధ కొనేవాడికి ముందే చెప్పి తక్కువ ధరకి అమ్మాలి.

అత్తగారి_కోడలు
మగవాళ్లందరూ మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నారు. రిసెప్షన్‌లో ఏం జరుగుతుందో ఎవరూ ఆలోచించట్లేదు. స్టేజీ ఎక్కగానే పెద్దవాళ్లు అక్షింతలు వేస్తారు, కాళ్లకి దండం పెట్టాలి, షూస్ విప్పాలి. మళ్లీ తొడుక్కోవాలి. మా ఆయన పెళ్లిలో ఆక్స్‌ఫర్డే వేసుకున్నారు. విప్పిన ప్రతిసారీ లేసులు విప్పలేక మడమ వెనక తొక్కి దూర్చేశారు. రాత్రి అయ్యేసరికి వెనక భాగం కూలిపోయి చెప్పుల్లా తయారయ్యాయి. మూడు గంటల ఫొటోల్లో ఆయన మొహం చూడాలి.

ఇక రంగు. నేవీ సూట్ మీద లేత ట్యాన్ పగలు బాగుంటుంది. రాత్రి, స్టేజీ లైట్ల కింద చూపంతా కాళ్ల మీదకే పోతుంది. ముదురు గోధుమరంగో నలుపో వేసుకోండి.

డల్లాస్_బాబాయ్
నూటికి నూరు. మనం రోజుకి పదిసార్లు షూస్ విప్పే జాతి. లోఫర్లు, లేకపోతే డెర్బీ. డెర్బీలో లేసుల రెక్కలు పైకి విచ్చుకుంటాయి, కాలు తేలిగ్గా దూరుతుంది. మీగాలు ఎత్తుగా, ముందు భాగం వెడల్పుగా ఉండే మన కాళ్లకి ఆక్స్‌ఫర్డ్ కన్నా అదే నయం. షూహార్న్ (మడమని షూలోకి జార్చే పలక) జేబులో పెట్టుకోమను. లేకపోతే స్టీలు గరిట కాడ.

నైట్‌షిఫ్ట్_నాని
పెళ్లికొడుకు జేబులో గరిట. ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి.

మూడోకన్ను
లోఫర్ కొంటే జాగ్రత్త. లేసులుండవు, కాబట్టి కొత్తలో కాస్త బిగుతుగానే ఉండాలి. షాపులో హాయిగా ఉన్న లోఫర్ రెండు నెలల తర్వాత చెప్పవుతుంది.

ఉప్పుగాలి_వైజాగ్
కొన్నాక ఎలా దాచాలో నా ఖర్చుతో నేర్చుకోండి. మంచి జతని వర్షంలో తడిపి, తుడిచి, ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టాను. రెండు నెలల తర్వాత తీస్తే తెల్లటి బూజు, శ్రావణమాసం పచ్చడి జాడీలా. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి, పక్కకి పడుకోబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఎండలో కాదు, హీటర్ దగ్గర అసలు కాదు. కవర్ కాదు, గుడ్డ సంచి. ఒకరోజు వేస్తే ఒకరోజు విశ్రాంతి.

పెళ్లికొడుకు_గుంటూరు
ఈ 9 నంబర్‌ని ఎలాగైనా బతికించలేమా? మార్చనన్నాడు. ఆర్డర్ మీద చేసినవి వాపసు తీసుకోరట, అది సైట్లో కూడా ఉంది, నేనే చదవలేదు.

తోలు_గోల
నాలుక లోపలివైపు మెత్తటి ఫెల్ట్ ముక్క అతికిస్తే పాదం వెనక్కి జరుగుతుంది, మడమ కొంత నిలుస్తుంది. అరసైజు వదులుకి పనిచేసే చిట్కా అది. మీకున్నది ఒక సైజు. షూ వంగే చోటు మాత్రం ఏ ముక్కా మార్చలేదు. డబ్బులు పోయాయి, కాళ్లు కూడా పోగొట్టుకోవద్దు.

ఆరె_రంపె
ఆయనకి ఫోన్ చేసి వాపసు అడగొద్దు. ఇంకో జత ఆర్డరిస్తాను, పాదం గీసి మూడు కొలతలు పంపుతాను, 3 మిల్లీమీటర్ల వంకర విషయం గుర్తుపెట్టుకుని ధర చెప్పండి అనండి. చేసేవాడికి మంచి పనివాడని పేరు కావాలి. గొడవ పడితే ఫోనెత్తడు.

పెళ్లికొడుకు_గుంటూరు
నెల దాటింది, అప్‌డేట్ ఇవ్వలేదని తిట్టుకోకండి, పెళ్లయింది.

ఆరె_రంపెగారు చెప్పినట్టే చేశాను. కాగితం మీద గీసిన పాదాలు, దారం కొలతలు ఫొటో తీసి పంపాను. మొదట "ఇవన్నీ ఎందుకు సార్" అన్నాడు, తర్వాత తనే ఫోన్ చేసి ఎడమ మీగాలు ఎత్తు మళ్లీ కొలవమన్నాడు. 8 నంబర్, వెడల్పు అచ్చు, ముదురు గోధుమరంగు డెర్బీ, చిల్లుల్లేకుండా. 11,000కి చేసిచ్చాడు. రిసెప్షన్‌కి రెండు రోజుల ముందు చేతికందాయి. లేసుల మధ్య ఒక వేలు ఖాళీ. మడమ మొదటి గంట కొంచెం ఆడింది, సోల్ వంగడం మొదలయ్యాక ఆగిపోయింది. స్టేజీ మీద పదకొండుసార్లు విప్పి తొడుక్కున్నాను, మా ఆవిడ లెక్కపెట్టింది. టో క్యాప్ కొలవలేదు. కొలవను కూడా.

ఇక ఆ ట్యాన్ జత. మా బావమరిది పెళ్లి ఇంట్లో డబ్బా చూసి, ఊరికే కాలు పెట్టి చూశాడు. అతనిది 9. లేసుల మధ్య సెంటీమీటరు ఖాళీ, ముడతలు సరిగ్గా కణుపుల దగ్గర. "బావా, ఇంత మంచి షూస్ డబ్బాలో ఎందుకు పెట్టావు" అని వేసుకుని వెళ్లిపోయాడు.

అత్తగారి_కోడలు
శుభాకాంక్షలు! బావమరిది దగ్గర డబ్బులు అడగలేరు లెండి, మర్చిపోండి.

నార్తాంప్టన్_నాయుడు
3 మిల్లీమీటర్ల వంకర అతనికి కనపడిందా?

పెళ్లికొడుకు_గుంటూరు
అదే డిజైన్ అనుకుంటున్నాడు. నేను చెప్పలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
ఈ థ్రెడ్ లింకు అతనికి పంపనా?

కొత్తసభ్యుడు_కర్నూలు
ఇప్పుడే చదివాను. నాదీ స్పోర్ట్స్ షూ 9. ఆగ్రా ఆయన నంబరు ఇస్తారా?

ఆరె_రంపె
ముందు కాగితం, పెన్సిల్, దారం తెచ్చుకోండి. పెన్సిల్ నిటారుగా పట్టుకోమనండి.